బొరియ లేని బతుకు

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సికింద్రాబాద్ దాటి బొల్లారం, తూముకుంట మీదుగా శామీర్‌పేట వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ అక్కడక్కడా ఇంకా గుట్టలు మిగిలి ఉన్నాయి. పరుపుబండ మీద చెప్పుల్లేని కాలు మోపలేం. గడ్డి ఎండి పసుపుపచ్చగా మారింది. మేకలు కాసే మనిషి కూడా వేపచెట్టు కిందికి చేరి ముఖాన తువ్వాలు కప్పుకునే వేళ. ఆ గుట్ట మీద ఇప్పుడు ప్రాణమున్నది ఏదీ లేదనిపిస్తుంది. కానీ పరికి కంప నీడన, మీ కాలికి రెండడుగుల దూరంలో, రెండు మూడు కిలోల బరువున్న జంతువొకటి కళ్లు తెరుచుకునే కూర్చుని ఉండొచ్చు. దాదాపు తొక్కేదాకా అది కదలదు. కదిలిందా, మీకు కనిపించేది ఒక గోధుమరంగు గీత, దాని చివర నల్లటి తోక. అంతే.

అది కుందేలు. కొన్ని ఊళ్లలో చెవులపిల్లి అంటారు.

తాగడానికి చెరువు లేదు, దూరడానికి బొరియ లేదు, చెమట పట్టే ఒళ్లు కాదు. మరి కాలే బండల మధ్య అది ఎలా బతుకుతోంది?

పుస్తకంలో కుందేలు, గుట్ట మీద కుందేలు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాణ్ణి చూసి నవ్వుకుంటాం గానీ, కుందేలు విషయంలో మనమూ కాస్త అలాంటివాళ్లమే. పిల్లల్ని కుందేలు బొమ్మ గీయమంటే తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, చేతిలో క్యారెట్, పక్కన ఒక బొరియ గీస్తారు. ఆ బొమ్మలోనిది మన దేశపు జంతువు కాదు. పెట్ షాపుల్లో, సంతల్లో బుట్టల్లో పెట్టి అమ్మేవన్నీ యూరప్ ర్యాబిట్ నుంచి మనిషి పెంచి తీసిన రకాలు. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్. ఆ అడవి ర్యాబిట్ భారతదేశంలో ఎక్కడా సహజంగా లేదు.

ఇంగ్లీషువాళ్లకు రెండు మాటలున్నాయి, ర్యాబిట్ అని, హేర్ అని. మనకు రెంటికీ కుందేలే. మన గుట్టల మీద తిరిగేది హేర్. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కువియే 1823లో దీనికి లెపస్ నైగ్రికోలిస్ అని పేరు పెట్టాడు. నైగ్రికోలిస్ అంటే నల్లమెడది. దక్షిణాది కుందేలు మెడ వెనక, రెండు చెవుల కింద, మసి పూసినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. ఉత్తరాదికి వెళ్తే అదే జాతిలో ఆ మచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. థార్ ఎడారిలో దీనికి ఇసుకరంగు ఉపజాతి ఉంది. రాజస్థాన్, కచ్ ఇసుకలో ఉండేది మన గుట్టల మీది కుందేలుకు దాయాదే అన్నమాట.

హేరూ ర్యాబిట్టూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా రెంటికీ జత కుదరదు. హేర్‌కు 48 క్రోమోజోములు, ర్యాబిట్‌కు 44. అసలు తేడా మాత్రం ఇంటి దగ్గర మొదలవుతుంది. ర్యాబిట్ నేలలో సొరంగాలు తవ్వి గుంపుగా కాపురం ఉంటుంది. హేర్ ఒంటరి. గడ్డిలోనో పొద మొదట్లోనో తన ఒంటికి అచ్చంగా సరిపోయేంత గుంట చేసుకుని అందులో కూర్చుంటుంది. పైకప్పు లేదు, తలుపు లేదు. ఒక గుంట నచ్చకపోతే మరొకటి చూసుకుంటుంది.

ఎండ నుంచి కాపాడే విషయంలో బొరియను మించింది లేదు. పైన నేల పెనంలా కాలుతున్నా, నాలుగడుగుల లోతున మట్టి చల్లగానే ఉంటుంది. పాతకాలపు ఇళ్లలో ధాన్యం పాతరలు నేల కింద తవ్వుకున్నది కూడా ఈ నమ్మకం మీదే. ఎడారుల్లో ఎలుకలు, తేళ్లు పగలంతా నేల కిందే గడుపుతాయి. ఆ దారి కుందేలు పట్టలేదు. కాబట్టి మరో దారి వెతుక్కోక తప్పలేదు.

చిన్న గిన్నె కష్టాలు

కుందేలు కష్టం అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లాలి. చిన్న గిన్నెలో పాలు పొయ్యి మీద పెడితే చిటికెలో పొంగుతాయి. గంగాళం నిండా పాలు కాగాలంటే గంట పడుతుంది. శరీరాలూ అంతే. ఒంటె పెద్ద గంగాళం. పగలంతా వేడిని తనలో నింపుకుని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. రెండున్నర కిలోల కుందేలు చిన్న గిన్నె. దాని బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం చాలా ఎక్కువ, అందుకే ఎండ తగిలితే త్వరగా కాగిపోతుంది.

మనకు ఎండ తగిలితే చెమట పడుతుంది. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని పట్టుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే, కుండ కూడా చెమటోడుస్తుంది. కానీ కుండకు మళ్లీ మళ్లీ నీళ్లు పోసేవాళ్లు ఉండాలి. ఎండకాలం గుట్ట మీద కుందేలుకు ఎవరు పోస్తారు? ఆ చిన్న ఒంట్లో ఉన్న నీరే కొంచెం. దాన్ని చెమటగానో రొప్పుగానో ఖర్చు పెట్టుకుంటూ పోతే సాయంత్రానికి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నీళ్లు ఖర్చు కాకుండా చల్లబడటం ఒక్కటే మార్గం.

అందుకు మొదటి ఉపాయం అసలు వేడెక్కకుండా చూసుకోవడం. పగలు తిరగదు. పొద్దు గూకాక మేతకు బయల్దేరి తెల్లవారేసరికి గుంటకు చేరుకుంటుంది. కూర్చునే చోటు నీడను బట్టి ఎంచుకుంటుంది. పరికి, తుమ్మ, సీతాఫలం చెట్ల మొదళ్లు, బండల ఓరలు దాని చలువ పందిళ్లు. ఒకసారి కూర్చుంటే కదలదు. పరిగెత్తే కండరం పొయ్యిలాంటిది, కదిలితే లోపల్నుంచే వేడి పుడుతుంది. మనం దాని దగ్గరిదాకా వెళ్లినా లేవకపోవడం భయం వల్ల మాత్రమే కాదు. పరుగంటే మంట అని దానికి తెలుసు. ప్రాణం పోతుందనుకున్నప్పుడే ఆ మంట పెట్టుకుంటుంది.

చెవులు వినడానికే కాదు

కుందేలు చెవిని ఎండకు ఎదురుగా చూస్తే సన్నటి ఆకులోని ఈనెల్లా ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. చర్మం పల్చన, జుట్టు తక్కువ, నాళాల వల దట్టం. కారుకు రేడియేటర్ ఎలాగో కుందేలుకు చెవులు అలాగ. ఒంట్లో వేడెక్కిన రక్తం చెవుల్లోకి వచ్చి, గాలికి వేడి వదిలి, చల్లబడి వెనక్కి పోతుంది. చెమట చుక్క కూడా ఖర్చు లేదు.

వేడి దేశాల జంతువులకు చెవులు, కాళ్లు, తోకలు పొడుగు, చలి దేశాల వాటికి పొట్టి అని అమెరికన్ శాస్త్రవేత్త జోయల్ అసఫ్ అలెన్ 1877లో ఒక సూత్రం చెప్పాడు. ఆర్కిటిక్ మంచులో బతికే కుందేలుకు చెవులు పొట్టి. అరిజోనా, మెక్సికో ఎడారుల్లో తిరిగే కుందేలుకు చెవులు తలకన్నా పొడుగు. ఈ ఎడారి కుందేలును అక్కడివాళ్లు జాక్‌ర్యాబిట్ అంటారు. గాడిద చెవుల్లాంటి చెవులున్నాయని వెటకారంగా పెట్టిన పేరు అది. పేరులో ర్యాబిట్ ఉన్నా అదీ హేరే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. కుందేలు ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 30 డిగ్రీలున్నప్పుడు చెవులు వేడిని బయటికి వదులుతాయి. గాలి 42 డిగ్రీలకు చేరితే? అప్పుడు అదే చెవి వేడిని లోపలికి తెస్తుంది. అందుకే బాగా ఎండ కాసే వేళ కుందేలు చెవుల్లోకి పోయే రక్తనాళాలు బిగుసుకుంటాయి. వడగాలి వేళ మనం కిటికీ తలుపులు మూసేసుకోమా, అలాంటిదే ఇది.

మరి మిట్టమధ్యాహ్నం సంగతేమిటి? నార్వేలో పుట్టి అమెరికాలో పనిచేసిన శరీరశాస్త్రవేత్త నుట్ ష్మిట్ నీల్సన్ 1960ల్లో ఈ ప్రశ్నను అరిజోనా ఎడారికే తీసుకెళ్లాడు. నీడలో కూర్చున్న జాక్‌ర్యాబిట్ చెవులు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటాయి. జవాబు ఆకాశంలోనే ఉందన్నాడు ఆయన. నేల ఎంత కాలుతున్నా, సూర్యుడు లేని దిక్కున తేటగా ఉన్న ఆకాశం చల్లటిది. గాలితో పని లేకుండా, ఒంటి వేడి కనిపించని కిరణాల రూపంలో ఆకాశంలోకి వెళ్లిపోగలదు.

ఇది వింతగా అనిపిస్తే ఎండకాలం రాత్రులు గుర్తు చేసుకోండి. ఫ్యాన్లు రాకముందు హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లలో అందరూ మిద్దె మీద పడుకునేవాళ్లు. గాలి ఆడని రాత్రి కూడా గదిలోకన్నా మిద్దె మీదే హాయి. గదిలో మన ఒంటి వేడికి ఎదురుగా ఉండేది పగలంతా కాగిన పైకప్పు. మిద్దె మీద ఎదురుగా ఉండేది ఆకాశం. కుందేలు పట్టపగలే నీడలో కూర్చుని ఆ మిద్దె సుఖం దొంగిలిస్తోంది. ఇంకా మిగిలిన వేడిని ఒంట్లోనే కాస్త పెరగనిచ్చి ఓర్చుకుంటుంది, సాయంత్రం చల్లబడ్డాక వదిలేస్తుంది.

ఒకే మేత, రెండు భోజనాలు

నీళ్ల సంగతి. గడ్డి, చిగుళ్లు, లేత ఆకులు, పంట మొక్కలు దాని మేత. అందులోని తడే దానికి చాలావరకు తాగునీరు. మేతకు తిరిగేది రాత్రి కాబట్టి ఆకు మీద చెమ్మ కూడా కలిసొస్తుంది. దాని మూత్రం చిక్కగా ఉంటుంది, పెంటికలు పిడికెడు పట్టుకున్నా చేతికి అంటనంత పొడిగా ఉంటాయి. గుట్ట మీద కుందేలు కనిపించకపోయినా, బఠాణీ గింజల్లాంటి ఆ గుండ్రటి పెంటికలు దాని చిరునామా చెబుతాయి.

అయితే అవి రెండోరకం పెంటికలు. మొదటిరకం మనకు కనిపించవు, ఎందుకంటే వాటిని కుందేలే తినేస్తుంది. వినడానికి రోతగా ఉన్నా ఇందులో గొప్ప పొదుపుంది. గడ్డిలో ఉండే పీచును జీర్ణం చేయడం ఏ పాలిచ్చే జంతువుకూ సొంతంగా చేతకాదు. సూక్ష్మజీవుల సాయం కావాలి. ఆవు ఆ సూక్ష్మజీవులను కడుపు మొదట్లోనే పెట్టుకుని నెమరేస్తుంది. కుందేలుకు అవి పేగుల చివర ఉండే ఒక పెద్ద సంచిలో ఉంటాయి. అక్కడ మేత పులిసి మాంసకృత్తులు, బి విటమిన్లు తయారయ్యేసరికి వాటిని పీల్చుకునే పేగు వెనకబడిపోతుంది. అందుకని ఆ సరుకును మెత్తటి ముద్దలుగా విసర్జించి, కింద పడకముందే నోటితో అందుకుని మింగి, మళ్లీ మొదటినుంచి పంపిస్తుంది. ఈ పని చేసేది పగలు, గుంటలో కూర్చున్నప్పుడు. అంటే ఎండలో అడుగు బయట పెట్టకుండానే రెండో భోజనం, దానితోపాటు కాస్త తడి. ఆవు నోటితో నెమరేస్తే, కుందేలు ఒళ్లంతటితో నెమరేస్తుందనుకోవచ్చు.

ఇలాంటి మేతకు పళ్లు అరిగిపోతాయి. అందుకే కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆ పళ్లు చూసే ఒకప్పుడు శాస్త్రవేత్తలు దీన్ని ఎలుకల కులంలో వేశారు. ఎలుకకు పైదవడ ముందు రెండే పళ్లు. కుందేలుకు ఆ రెండింటి వెనక దాక్కున్నట్టు మరో రెండు చిన్న పళ్లుంటాయి. 1912లో దీన్ని ఎలుకల నుంచి విడదీసి వేరే వర్గంగా నిలబెట్టారు.

బొరియ ఉన్నవాడి కథ

బొరియ తవ్వే ర్యాబిట్ ఎడారిలో పడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఇంగ్లండ్ భూస్వామి విక్టోరియాలోని తన బార్వన్ పార్క్ ఎస్టేటుకు, వేట సరదా కోసం, ఓడలో రెండు డజన్ల ర్యాబిట్లు తెప్పించుకున్నాడు. అవి దేశంలో చాలా భాగానికి పాకాయి. ఎండ మండే లోపలి ప్రాంతాలు సైతం వాటిని ఆపలేదు, చల్లటి సొరంగాలున్నాయి కదా. పచ్చగా మొలిచిన ప్రతి మొక్కనూ కొరికేస్తుంటే పడమటి ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901 నుంచి 1907 దాకా మూడు కంచెలు కట్టింది. మొత్తం పొడవు 3,200 కిలోమీటర్ల పైమాటే. కంచె పూర్తయ్యేలోగానే ర్యాబిట్లు అవతలికి చేరాయి. 1950లో మిక్సోమా వైరస్‌ను వదిలాక గానీ వాటి సంఖ్య పడిపోలేదు. కొన్నేళ్లకు వైరస్‌కు తట్టుకునే ర్యాబిట్లు పుట్టి మళ్లీ పెరిగాయి.

మన కుందేలు అలా పెచ్చుమీరలేదు. ఇక్కడ దానికి పుట్టినప్పటినుంచీ లెక్క చూసేవాళ్లున్నారు. నక్క, గుంటనక్క, తోడేలు, అడవిపిల్లి, కొండచిలువ, పగలు గద్ద, రాత్రి కొండగుడ్లగూబ. గుట్ట మీది ఈ కుటుంబాలన్నిటికీ కుందేలు కూడు పెడుతుంది. అదీ ఊరికే దొరకదు. తలకు రెండు పక్కలా ఉన్న కళ్లు దాదాపు చుట్టూ చూస్తాయి. పరుగెత్తేటప్పుడు తిన్నగా పోకుండా ఉన్నట్టుండి అడ్డం తిరుగుతుంది. వెంటపడ్డ జంతువు తన వేగానికి తానే ముందుకు దూసుకుపోతుంది.

కళ్లు తెరిచి పుట్టే పిల్లలు

బొరియ లేకపోవడం పిల్లల మీదా ముద్ర వేసింది. ర్యాబిట్ కడుపుతో ఉండేది నెల రోజులు. సొరంగంలో పుట్టే దాని పిల్లలకు కళ్లు తెరుచుకోవు, ఒంటి మీద జుట్టుండదు. బయట గుంటలో పుట్టే హేర్ పిల్లకు అంత తీరిక లేదు. తల్లి ఆరు వారాలు మోస్తుంది. ఒకటి నుంచి నాలుగు పిల్లలు, కళ్లు తెరుచుకుని, ఒళ్లంతా జుట్టుతో, కాసేపట్లో కదలగలిగే స్థితిలో పుడతాయి. మన దగ్గర కుందేలు ఎక్కువగా ఈనేది వానాకాలంలో, గడ్డి లేతగా ఉన్నప్పుడు.

ఇక్కడే మనుషులు పొరబడతారు. యూరప్ కుందేళ్లను దగ్గరగా గమనించినవాళ్లు చెప్పేదేమిటంటే, తల్లి పగలు పిల్లల దగ్గర ఉండదు. పిల్లలు వేర్వేరు చోట్ల గడ్డిలో నక్కి ఉంటాయి. పొద్దు గూకాక తల్లి వచ్చి, కొద్ది నిమిషాలు చిక్కటి పాలిచ్చి, మళ్లీ వెళ్లిపోతుంది. రోజుకు ఒక్కసారే. తల్లి పక్కన ఉంటే దాని వాసనకు నక్క వస్తుంది. ఒంటరిగా, కదలకుండా, ఏ వాసనా లేకుండా ఉండటమే పిల్లకు రక్ష. పొలంలో అలా ఒంటరిగా కనిపించిన పిల్లను అయ్యో పాపం అని ఇంటికి తెచ్చేవాళ్లు, తెలియక తల్లి నుంచి ఎత్తుకొచ్చినట్టే.

బంజరు ఎవరిది?

దక్కన్ ఎడారి కాదు. హైదరాబాద్ జంటనగరాలకు ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కానీ అందులో ఎక్కువభాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే. నేల అడుగున 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఉంది. దాని మీద మట్టి పల్చన. అందుకే ఇక్కడ సహజంగా పెరిగేది దట్టమైన అడవి కాదు. గడ్డి, తంగేడు, పరికి, సీతాఫలం, మధ్యమధ్య బండలు. మార్చి నుంచి మే దాకా అది మూడు నెలల ఎడారి. కుందేలుకు కావలసింది సరిగ్గా ఈ నేలే. మేయడానికి గడ్డి, కూర్చోవడానికి పొద, పరుగెత్తడానికి ఖాళీ.

ఇలాంటి నేలకు పాత తెలంగాణలో మంచి పేరే ఉండేది, కంచ. అంటే పశువులు మేసే గడ్డిబీడు. కంచ గచ్చిబౌలి, కంచ ఇమారత్ లాంటి పేర్లలో ఆ మాట ఇంకా మిగిలింది. రికార్డుల్లో మాత్రం ఇలాంటి నేల బంజరు, పోరంబోకు. సికింద్రాబాద్ పక్కనే బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో కేంద్ర భూవనరుల శాఖ వేస్ట్‌లాండ్ అట్లాస్ ప్రచురిస్తుంది. 2019 అట్లాస్ ప్రకారం దేశంలో దాదాపు 5.58 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం, వ్యర్థ భూమి. పొదలున్న భూములూ ఆ పద్దులో ఉన్నాయి. వ్యర్థమన్నాక దాన్ని దేనికైనా వాడొచ్చు. ప్లాట్లు వేయొచ్చు, బండలు పగలగొట్టి కంకర చేయొచ్చు. మంచి మనసుతోనే అయినా, గడ్డిబీడు నిండా గుంతలు తీసి చెట్లు నాటొచ్చు.

పంచతంత్రంలో కరువుకాలాన నీళ్లు వెతుక్కుంటూ వచ్చిన ఏనుగుల మంద కుందేళ్లను తొక్కేస్తుంది. అప్పుడొక కుందేలు, సరస్సులో వణికే చంద్రబింబాన్ని చూపించి, మా దొరకు కోపం వచ్చిందని గజరాజును భయపెట్టి పంపిస్తుంది. జేసీబీకి ఏ చందమామను చూపించాలి?

కుందేలు అంతరించిపోయే జాతి కాదు. ప్రపంచ జాబితాల్లో దానికి ప్రమాదం లేదనే రాసి ఉంది. దేశమంతా ఉంది, మనవైపూ ఉంది. నగరాన్ని ఆనుకుని చిలుకూరు దగ్గర 1994లో ఏర్పడిన మృగవని జాతీయ ఉద్యానవనంలో జింకలతోపాటు కుందేళ్లూ ఉన్నాయి. కానీ ఒక జాతి దేశంలో ఉండటం వేరు, మన ఊరి గుట్ట మీద ఉండటం వేరు. గుట్ట చుట్టూ గోడ, గోడ చుట్టూ రోడ్డు, రోడ్డు మీద హెడ్‌లైట్లు, వీధికుక్కలు. రాత్రి మేతకు తిరిగే జంతువుకు ఇవి ఏ నక్కకన్నా గట్టి శత్రువులు.

మే ఎండను చెవులతో, ఆకాశంతో, ఓర్పుతో గెలిచిన జంతువు అది. మనల్ని గెలిచే ఉపాయం దాని దగ్గర లేదు. కాబట్టి మనవైపు నుంచి చేయగలిగిన చిన్న పనులు చెప్పి ముగిస్తాను. గడ్డిలో కుందేలు పిల్ల ఒంటరిగా కనిపిస్తే, దానికి గాయమేమీ లేకపోతే, ముట్టుకోకుండా వెనక్కి రండి. సాయంత్రం తల్లి వస్తుంది. పెంచుకుని విసుగొచ్చిన తెల్ల కుందేలును గుట్ట మీద వదలకండి, ఎక్కువ రోజులు బతకదు. ఉచ్చులు, వలలు కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలు వేట నేరం. ఇక మీ కాలనీ చివర మిగిలిన గుట్టను చూసి, ఖాళీగా పడి ఉంది అని ఎవరైనా అంటే, అది ఖాళీగా లేదని చెప్పండి.